వజ్రపు సెగ్మెంట్లు అతికించే పద్ధతికి పేటెంటు: పరీక్ష దశ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండలు కోసే ఫ్యాక్టరీల చుట్టూ బ్లేడ్లు బాగుచేసే షాపులు ఉంటాయి. అరిగిపోయిన బ్లేడుకు కొత్త సెగ్మెంట్లు, అంటే వజ్రపు రవ్వ కలిపిన లోహపు పళ్లు, అతికించడం వాళ్ల రోజువారీ పని. ఆ పనిలో ఏళ్ల తరబడి చేయి తిరిగినవాళ్లకు 'ఇలా చేస్తే సెగ్మెంటు ఊడదు' అని ఒక కిటుకు దొరుకుతుంది. దానికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టినవాళ్లు, పెడదామనుకునే ఇంజనీరింగ్ విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్నలు ఇవి. ఎక్కువ ప్రశ్నలు పరీక్ష దశ మీదే, అంటే పేటెంట్ ఆఫీసులోని పరీక్షాధికారి దరఖాస్తును పరిశీలించే దశ మీదే, వస్తాయి కాబట్టి జవాబులు కూడా అక్కడే పొడుగ్గా ఉన్నాయి.

మేం చేసేది బ్లేడుకు పళ్లు అతికించడమే. దానికి కూడా పేటెంటు ఇస్తారా?

ఇస్తారు. 1970 పేటెంట్ల చట్టం వస్తువుకీ ఇస్తుంది, పద్ధతికీ ఇస్తుంది. మీ పద్ధతి ఎక్కడా బయటపడనిదై ఉండాలి, ఆ పని తెలిసినవాడికి కూడా ఇట్టే తట్టనిదై ఉండాలి, పరిశ్రమలో పనికొచ్చేదై ఉండాలి. మూడోది మీకు సమస్యే కాదు. మొదటిది చాలామంది దాటుతారు. దరఖాస్తులు ఇరుక్కునేది రెండోదాని దగ్గర.

అతికించడంలో అంత కష్టం ఏముందని పరీక్షాధికారి అడిగితే?

అడగాలి, అడగడం వాళ్ల పని. ఆ కష్టాన్ని స్పెసిఫికేషన్‌లో (మీ పద్ధతిని వివరించే పత్రంలో) మీరే ముందుగా విడమరచి రాసి ఉంటే సగం పని అయిపోయినట్టే.

మామూలు సిల్వర్ రాడ్ (అతికించడానికి వాడే వెండి మిశ్రమపు కడ్డీ) కరిగి ఉక్కు మీద చక్కగా పరుచుకుంటుంది. వజ్రం మీద మాత్రం పరుచుకోదు, చుక్కలు చుక్కలుగా ముడుచుకుపోతుంది. వజ్రాన్ని నేరుగా అతికించాలంటే ఆ మిశ్రమంలో టైటానియం లాంటి చురుకైన లోహం ఉండాలి. అది వజ్రంలోని కార్బన్‌తో కలిసి సన్నటి కార్బైడ్ పొరగా మారుతుంది, కరిగిన లోహం ఆ పొరను పట్టుకుంటుంది. అయితే ఈ పని వాక్యూమ్‌లోనో ఆర్గాన్‌లోనో జరగాలి. గాలి తగిలితే టైటానియం ముందు ఆక్సిజన్‌తోనే కలిసిపోతుంది.

రాయి కోసే బ్లేడు సంగతి కొంచెం వేరు. అక్కడ వజ్రపు రవ్వను కోబాల్టు, ఇనుము, కంచు లాంటి లోహపు పొడిలో కలిపి, అచ్చులో నొక్కి, వేడిచేసి సెగ్మెంటుగా చేస్తారు. షాపులో అతికించేది ఆ సెగ్మెంటు అడుగు లోహాన్ని ఉక్కు చక్రానికి. ఇది లోహానికి లోహం కాబట్టి సిల్వర్ బ్రేజింగ్, అంటే వెండి మిశ్రమాన్ని కరిగించి అతికించడం, సరిపోతుంది. నీళ్లు పోస్తూ కోసే మిషన్లకు అది చాలు. నీళ్లు లేకుండా కోసే బ్లేడ్లకు లేజర్ వెల్డింగ్ చేస్తారు, ఎందుకంటే ఆ వేడికి వెండి అతుకు మెత్తబడి సెగ్మెంటు ఎగిరిపోతుంది. అలా ఎగిరిన ముక్క మనిషికి తగిలితే ఏమవుతుందో మిషన్ పక్కన నిలబడేవాళ్లకు చెప్పక్కర్లేదు.

పీసీడీ (పాలీక్రిస్టలైన్ డైమండ్) ముక్కల సంగతి ఇంకా సున్నితం. వజ్రపు రేణువులను కోబాల్టు సాయంతో గట్టిపరిచి, టంగ్‌స్టన్ కార్బైడ్ దిమ్మ మీద పొరగా తెచ్చిన ముక్కలు ఇవి. ఈ పొరను సుమారు 700 డిగ్రీల సెల్సియస్ దాటనిస్తే లోపలి కోబాల్టు వజ్రం కన్నా చాలా ఎక్కువగా వ్యాకోచించి పగుళ్లు తెస్తుంది, పైగా వజ్రం తిరిగి గ్రాఫైటుగా మారడానికి దోవ తీస్తుంది. దానికి తోడు ఉక్కు వేడికి సాగేది వజ్రంతో పోలిస్తే దాదాపు పదింతలు. చల్లారేటప్పుడు రెండూ రెండు తీరుల్లో ముడుచుకుంటాయి. అతుకు ఆ లాగుడును తట్టుకోవాలి.

మీ పద్ధతి వీటిలో ఏ కష్టాన్ని తీరుస్తోంది? ఈ ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు రాయలేకపోతే దరఖాస్తు ఇంకా వేయకండి.

జొన్నగిరి, వజ్రకరూరు పొలాల్లో దొరికే వజ్రాలకీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

లేదు. తొలకరి పడగానే జనం వెతికేవి ప్రకృతిలో పుట్టినవి. ప్రకృతిలో ఉన్నదాన్ని కనుక్కోవడం చట్టం దృష్టిలో ఆవిష్కరణ కాదు, సెక్షన్ 3(సి) ఆ మాట చెబుతుంది. మన బ్లేడ్లలో ఉండేది ఫ్యాక్టరీలో తయారైన వజ్రం. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో 1954 డిసెంబరులో దాన్ని చేసి, 1955లో ప్రకటించారు.

ముందు పది మందికి చూపించి, బాగుందంటే అప్పుడు దరఖాస్తు వేద్దామనుకుంటున్నాం.

వద్దు. దయచేసి ఈ ఒక్కటి వినండి. దరఖాస్తు తేదీకి ముందు మీ పద్ధతి బయటపడితే ఆ బయటపెట్టింది మీరే అయినా కొత్తదనం పోతుంది. యూట్యూబ్ వీడియో, వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫొటో, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టు, ఏదైనా చాలు. నోటీసు ఇచ్చిన ప్రభుత్వ ఎగ్జిబిషన్‌లో పెట్టడం, విద్వత్సంస్థ ముందు పేపరు చదవడం లాంటి కొద్ది సందర్భాలకే సెక్షన్ 31 కింద 12 నెలల వెసులుబాటు ఉంది. ఆవిష్కరణ స్వభావాన్ని బట్టి బహిరంగంగానే పరీక్షించక తప్పనప్పుడు, సమంజసమైన ట్రయల్ కోసం చేసినదాన్ని ఒక సంవత్సరం దాకా సెక్షన్ 32 కాపాడుతుంది. తెలిసిన ఫ్యాక్టరీలో నాలుగు బ్లేడ్లు నడిపి చూడటం అందులోకి వస్తుందని వాదించవచ్చు. డబ్బు తీసుకుని అమ్మితే మాత్రం ఆ వాదన నిలబడటం కష్టం.

అంత తొందరగా అన్నీ తేలవంటే ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ (తాత్కాలిక వివరణ పత్రం) వేయండి. తేదీ దొరుకుతుంది. 12 నెలల్లోపు పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వాలి. ఆ ఏడాదిలో ట్రయల్స్ చేసుకుని అంకెలు పోగేసుకోవచ్చు.

తెలుగులో దరఖాస్తు వేయొచ్చా? ఎక్కడ వేయాలి?

కాగితాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి. ఆంధ్రప్రదేశ్ మొత్తం చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తుంది. ఆన్‌లైన్‌లో వేయొచ్చు కాబట్టి చెన్నై వెళ్లక్కర్లేదు. ఏజెంటును పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు. కానీ క్లెయిములు, అంటే దేనిమీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యాలు, రాయడం మాత్రం చేయి తిరిగినవాళ్ల పని. డబ్బు ఖర్చు పెట్టే ఓపిక ఒక్కచోటే ఉంటే అక్కడ పెట్టండి.

దరఖాస్తు వేశాం. పరీక్ష దానంతట అదే మొదలవుతుందా?

అవదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఫారం 18 పెట్టి విడిగా అడగాలి. 2024 మార్చి 15 నుంచి వేసిన దరఖాస్తులకు ప్రాధాన్య తేదీ (ఈ ఆవిష్కరణకు మొదట వేసిన దరఖాస్తు తేదీ) నుంచి 31 నెలల్లోపు అడగాలి. అంతకుముందు వేసినవాటికి 48 నెలలు ఉండేది, ఆ పాత లెక్క గుర్తుపెట్టుకుని కూర్చుంటే నష్టపోతారు. గడువు దాటితే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క.

వ్యక్తులకు, స్టార్టప్‌లకు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు రూ. 1,600, పరీక్ష ఫీజు రూ. 4,000. మిగతా కంపెనీలకు అవే రూ. 8,000, రూ. 20,000. షాపు పేరు మీద వేసేవాళ్లు ఉద్యమ్ సర్టిఫికెట్‌తో ఫారం 28 జతచేయడం మరిచిపోవద్దు.

దరఖాస్తు పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో ప్రచురితం కాకుండా పరీక్షకు పోదు. మామూలుగా 18 నెలల తర్వాత ప్రచురిస్తారు, ఫారం 9 పెడితే నెలలోపు. ప్రచురించాక మీ పద్ధతి లోకానికి తెలిసిపోతుంది, అందుకే ఫారం 9 పెట్టేముందు ఒకసారి ఆలోచించుకోండి.

పరీక్ష త్వరగా అవ్వాలంటే?

ఫారం 18ఎ ఉంది. స్టార్టప్‌లు, చిన్న సంస్థలు పెట్టుకోవచ్చు. దరఖాస్తుదారులందరూ వ్యక్తులే అయి, వాళ్లలో ఒక్క మహిళ ఉన్నా అర్హత వస్తుంది. ఫీజు వీళ్లకు రూ. 8,000. దీనికోసమే ఇంట్లో ఆడవాళ్ల పేరు ఇరికించేవాళ్లు ఉన్నారు. దరఖాస్తుదారుగా ఉంటే హక్కులో నిజంగా భాగం ఇచ్చినట్టే, ఆమె సంతకం లేకుండా రేపు లైసెన్సు కూడా ఇవ్వలేరు. షాపు లెక్కలు, మిశ్రమం పాళ్లు చూసుకునేది ఆమే అయితే ఆవిష్కర్తగానే పేరు రాయండి. అది ఆమెకు దక్కాల్సిన గౌరవం.

పరీక్షాధికారి ఎక్కడెక్కడ వెతుకుతారు?

ప్రపంచమంతా. మన దేశంలో లేనంత మాత్రాన కొత్తది కాదు. పేటెంట్లను విషయాన్ని బట్టి వర్గాలుగా పెడతారు: బ్రేజింగ్‌కు సంబంధించినవి బి23కె వర్గంలో, రాపిడి పనిముట్లు బి24డిలో, రాయి కోసే పనిముట్లు బి28డిలో, సిరామిక్‌ను వేడితో ఇంకో వస్తువుకు అతికించేవి సి04బి 37లో ఉంటాయి. డ్రిల్ బిట్లలో పీసీడీ వాడినవి ఇ21బి 10లో చాలా ఉన్నాయి. మన పేటెంట్ ఆఫీసు వెతుకులాట సైటు ఇన్‌పాస్ ఉచితం, గూగుల్ పేటెంట్స్ ఉచితం. దరఖాస్తుకు ముందే ఈ వర్గాల్లో ఓ వారం కూర్చుని చదవండి. జేఎన్‌టీయూ అనంతపురంలోనో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో చదివే పిల్లలు తెలిసినవాళ్లు ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి, ఇంగ్లీషు అడ్డం రాదు. పరీక్షాధికారికి దొరికేవాటిలో చాలావరకు మీకూ దొరుకుతాయి.

ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్టు వచ్చింది. అన్ని క్లెయిముల మీదా అభ్యంతరమే. ఇక అయిపోయినట్టేనా?

కాదు, టెన్షన్ పడకండి. మొదటి రిపోర్టులో అభ్యంతరాలు రావడం మామూలే. అది తీర్పు కాదు, ప్రశ్నాపత్రం. తేదీ నుంచి 6 నెలల్లో జవాబు ఇవ్వాలి. ఆ 6 నెలలు ముగిసేలోపే ఫారం 4 పెట్టి ఫీజు కడితే ఇంకో 3 నెలలు ఇస్తారు. జవాబే ఇవ్వకపోతే దరఖాస్తును వదిలేసినట్టు లెక్కగడతారు.

చదివేటప్పుడు ఒక వరస పెట్టుకోండి. సంతకాలు, ఫారం 3, డ్రాయింగులు లాంటి ఫార్మాలిటీ అభ్యంతరాలు పక్కన పెట్టండి, అవి ఒక పూటలో తీరతాయి. 'స్పష్టత లేదు' అన్నవి తర్వాత చూడండి. 'తగినంత వేడిచేయడం', 'నెమ్మదిగా చల్లార్చడం' లాంటి మాటలు క్లెయిములో ఉంటే ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు, నిమిషానికి ఎన్ని డిగ్రీల చొప్పున అన్నది ఉండాలి. మిగిలిన బలమంతా డి1, డి2 అని పేర్కొన్న పాత పత్రాల మీద పెట్టండి. అసలు పోరు అక్కడే.

'డి1ను డి2తో కలిపితే మీ పద్ధతి వచ్చేస్తుంది' అని రాశారు. దీనికి ఎలా జవాబివ్వాలి?

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. మీ క్లెయిము ఇది: పీసీడీ ముక్కకూ ఉక్కు పనిముట్టుకూ మధ్య, రెండువైపులా వెండి మిశ్రమం ఉండి నడుమ రాగి ఉన్న మూడు పొరల రేకు పెట్టడం, ఇండక్షన్ కాయిల్‌తో ఉక్కు వైపు నుంచే వేడిచేయడం, ఆ సమయంలో వజ్రపు పొరను రాగి దిమ్మతో బిగించి 650 డిగ్రీలు దాటకుండా చూడటం, తర్వాత నిర్ణీత వేగంతో చల్లార్చడం.

డి1లో పీసీడీని సిల్వర్ బ్రేజింగ్‌తో అతికించడం ఉంది. డి2లో కార్బైడ్ ముక్కలను రాగి నడుమ ఉన్న మూడు పొరల రేకుతో అతికించడం ఉంది. ఆ రేకు కార్బైడ్ పనిముట్లలో ఎప్పటినుంచో వాడుకలో ఉన్నదే. నడుమ ఉన్న మెత్తటి రాగి చల్లారేటప్పుడు వచ్చే లాగుడును తనలోకి తీసుకుంటుంది. కాబట్టి 'మేం రేకు వాడాం' అన్న వాదన మీద నిలబడితే ఓడిపోతారు. దాన్ని పట్టుకుని వేలాడొద్దు.

మరి నిలబడాల్సింది ఎక్కడ? డి1 మొత్తం చదవండి, పరీక్షాధికారి ఉదహరించిన పేరా ఒక్కటే కాదు. అందులో మొత్తం పనిముట్టును కొలిమిలో పెట్టి ఒకేలా వేడిచేశారనుకుందాం. డి2లో కార్బైడే ఉంది, వజ్రం లేదు, కాబట్టి పై పొరను చల్లగా ఉంచాలన్న ఆలోచనే దానికి అవసరం లేదు. అంటే రెండూ కలిపినా వచ్చేది కొలిమిలో మూడు పొరల రేకు. ఉక్కు వైపు వేడి, వజ్రం వైపు చల్లదనం అన్న జంట ఏర్పాటు రాదు. డి1 చదివినవాడికి అలా చేయాలని తోచడానికి కారణమూ లేదు. ఈ సంగతి క్లెయిములో ఉన్న మాటలతోనే చెప్పాలి, అడుగడుగునా డి1లో ఫలానా పేజీలో ఇలా ఉంది అని చూపిస్తూ.

ఆ తర్వాత ఫలితం చూపించాలి. ఒకే రకం ముక్కలు, ఒకే రేకు, ఒకటి డి1 పద్ధతిలో, ఇంకోటి మీ పద్ధతిలో. అతుకును పక్కకు తోసి విరిచే పరీక్షలో ఎంత బలానికి విరిగింది, విరిగింది అతుకు దగ్గరా లేక ముక్కలోనా, మైక్రోస్కోపులో వజ్రపు పొర మీద పగుళ్లు ఉన్నాయా. షాపులో రోజూ రాసుకునే నోటుపుస్తకం ఇక్కడ అక్కరకొస్తుంది. ఏ తేదీన ఎన్ని డిగ్రీలు పెట్టాం, ఎన్ని ఊడాయి అని రాసుకున్న పేజీ ముందు ఎంత గొప్ప వాదనైనా తేలిపోతుంది. చెడిపోయిన ముక్కల లెక్క కూడా రాయండి. 690 డిగ్రీల దగ్గర పగిలాయి, 640 దగ్గర పగల్లేదు అని చూపగలిగితే మీరు ఎంచుకున్న హద్దుకు కారణం దొరికినట్టే.

'ఇది వర్క్‌షాప్ ఇంప్రూవ్‌మెంట్ మాత్రమే' అన్నారు. అంటే ఏమిటి?

1978 డిసెంబరులో సుప్రీంకోర్టు బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ వర్సెస్ హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ కేసులో చెప్పిన మాట అది. లోహపు పాత్రల తయారీ పద్ధతి మీద వచ్చిన వివాదం. తెలిసిన పనిని పనివాడి నేర్పుతో కాస్త మెరుగుపరిస్తే సరిపోదని, అంతకన్నా ఎక్కువ ఉండాలని కోర్టు తేల్చి ఆ పేటెంటును నిలబెట్టలేదు. షాపుల నుంచి వచ్చే దరఖాస్తులకు ఈ అభ్యంతరం తరచూ ఎదురవుతుంది.

దీన్ని చూసి చిన్నబుచ్చుకోకండి. చేతి నేర్పు తక్కువదని కోర్టు అనలేదు. ఫ్లక్స్ ఇంకొంచెం రాయడం, మంట ఇంకొంచెం పెంచడం లాంటివి ఆ పని తెలిసిన ఎవరైనా చేస్తారు, వాటికి గుత్తహక్కు ఇవ్వలేం అన్నదే ఆ మాట సారం. మీది అంతకు మించినదైతే, పని తెలిసినవాళ్లు మామూలుగా ఎటు పోయేవాళ్లో, మీరు ఎందుకు వేరే దారి పట్టారో చూపించండి. అందరూ వేడి పెంచితే పట్టు పెరుగుతుందని నమ్మే చోట మీరు తగ్గించి గెలిచారంటే అది వర్క్‌షాప్ ఇంప్రూవ్‌మెంట్ కాదు.

సెక్షన్ 3 కింద కూడా అభ్యంతరం పెట్టారు.

అతికించే పద్ధతులకు ఎక్కువగా తగిలేవి 3(డి), 3(ఎఫ్). తెలిసిన పద్ధతిని ఊరికే వాడుకోవడం ఆవిష్కరణ కాదని 3(డి) అంటుంది, దాని నుంచి కొత్త ఉత్పత్తి వస్తేనో కొత్త రియాక్టెంటు (చర్యలో పాల్గొనే పదార్థం) ఒక్కటైనా ఉంటేనో తప్ప. తెలిసిన పరికరాలను అటూ ఇటూ అమర్చడం ఆవిష్కరణ కాదని 3(ఎఫ్) అంటుంది. 'మాది కొత్త వాడకం' అనకుండా 'ఈ దశలు పద్ధతినే మార్చాయి' అని చూపించాలి. కాడ్మియం లేని సిల్వర్ రాడ్ వాడామన్న ఒక్క మాటతో వేసిన దరఖాస్తు ఇక్కడే ఆగిపోతుంది, అలాంటి మిశ్రమాలు ఎప్పుడో వచ్చాయి. పేటెంటు సంగతి ఎలా ఉన్నా షాపులో కాడ్మియం లేనిదే వాడండి. ఆ పొగ ఊపిరితిత్తులను పాడుచేస్తుంది.

మిశ్రమం పాళ్లు కొంచెం దాచుకుని రాయొచ్చా?

కుదరదు. మీకు తెలిసిన అత్యుత్తమ పద్ధతి రాయాలని సెక్షన్ 10(4) చెబుతుంది. చదివినవాడు చేసి చూడగలగాలి. దాచాలనుకుంటే పేటెంటు జోలికి పోకుండా రహస్యంగానే ఉంచుకోండి, అదీ మంచి దారే. పూర్తయిన అతుకును కోసి చూసినా మీ కిటుకు బయటపడదంటే రహస్యమే మేలని నా అభిప్రాయం. అతుకు చూడగానే పద్ధతి తెలిసిపోయేదైతే పేటెంటు వైపు రండి.

జవాబు ఇచ్చేటప్పుడు కొత్త వివరాలు చేర్చొచ్చా?

స్పెసిఫికేషన్‌లోకి కొత్త విషయం ఎక్కించలేరు. క్లెయిమును కుదించుకోవచ్చు, పొరపాటు దిద్దుకోవచ్చు, వివరణ ఇవ్వొచ్చు, సెక్షన్ 59 అంతే ఒప్పుకుంటుంది. చల్లార్చే వేగం మొదట్లో రాయకపోతే తర్వాత అదే ప్రాణం అని తెలిసినా చేర్చే దారి లేదు. మొదట రాసినదాన్ని బలపరిచే ట్రయల్ ఫలితాలను అఫిడవిట్‌తో ఇవ్వొచ్చు. అందుకే మొదటిరోజే విశాలమైన హద్దు, దాని లోపల ఇంకా ఇరుకు హద్దు, ఆ లోపల మీరు నిజంగా వాడే అంకె, మూడూ రాయమంటాను. ఒకటి పోతే ఇంకోదానికి వెనక్కి జరగడానికి చోటు ఉంటుంది.

హియరింగ్ అంటే కోర్టులాగా ఉంటుందా?

ఉండదు. వీడియో కాల్‌లో కంట్రోలర్ (దరఖాస్తు మీద నిర్ణయం తీసుకునే పేటెంట్ ఆఫీసు అధికారి) మాట్లాడతారు. ఏ అభ్యంతరాలు మిగిలాయో నోటీసులో ఉంటుంది. తర్వాత 15 రోజుల్లో రాతపూర్వక వాదన ఇవ్వాలి. ఏజెంటు మాట్లాడినా, అతికించిన మనిషి పక్కన ఉండటం మంచిది. 'రాగి దిమ్మ తీసేస్తే ఏమవుతుంది?' అని అడిగితే చేసి చూసినవాడే గట్టిగా చెప్పగలడు.

తిరస్కరిస్తే?

నెలలోపు రివ్యూ అడగొచ్చు, లేదా 3 నెలల్లో హైకోర్టుకు అప్పీలు వెళ్లొచ్చు. అప్పీళ్లు విన్న ట్రిబ్యునల్‌ను 2021లో ఎత్తేశారు. చెన్నై ఆఫీసు ఉత్తర్వుల మీద అప్పీలు మద్రాసు హైకోర్టుకు వెళుతుంది.

పేటెంటు వచ్చింది. పక్క ఊరి షాపు మూసిన షట్టర్ వెనక మా పద్ధతే వాడుతోందని ఎలా నిరూపించాలి?

పద్ధతి పేటెంటుకు ఉన్న పెద్ద ఇబ్బంది ఇదే. సెక్షన్ 48 ప్రకారం మీ హక్కు పద్ధతి మీదే కాకుండా దాంతో నేరుగా తయారైన వస్తువు మీద కూడా ఉంటుంది. వాళ్లు అతికించిన బ్లేడు ఒకటి బిల్లుతో సహా కొనండి. అతుకును అడ్డంగా కోయించి, పాలిష్ పట్టించి, మైక్రోస్కోపు కింద ఫొటోలు తీయించండి. మూడు పొరల రేకు వాడితే నడుమ రాగి గీత కనిపిస్తుంది. ఏ లోహాలు ఎంత పాళ్లలో ఉన్నాయో ఎక్స్‌రే విశ్లేషణ చెబుతుంది. పద్ధతి వల్ల కొత్త వస్తువే వచ్చినప్పుడు, లేదా మీ పద్ధతితోనే చేసి ఉండే అవకాశం బలంగా ఉండి తగిన ప్రయత్నం చేసినా మీకు తేలనప్పుడు, 'మేం వేరే పద్ధతిలో చేశాం' అని నిరూపించుకోమని సెక్షన్ 104ఎ కింద కోర్టు ఎదుటివాళ్లను ఆదేశించవచ్చు. అందుకు ముందు వాళ్ల వస్తువు మీ పద్ధతితో వచ్చే వస్తువులాంటిదేనని మీరు చూపించాలి. కాబట్టి మీ సొంత అతుకుల ఫొటోలు కూడా తేదీలతో భద్రపరచుకోండి.